చూసొచ్చినోళ్ళు చెప్పాలె

మొన్న పెండ్లిళ్ళ రోజుల్లో మా వీధి మలుపు దగ్గర ఒక రిక్షాబండి ఆగి ఉంది. దాని మీద గోనెసంచి కప్పిన పెద్ద ఐసుగడ్డ. అది దేవరకొండ ఎండ. గడ్డ నుంచి కారిన నీళ్ళు తారురోడ్డు మీద పడిన వెంటనే ఆరిపోతున్నాయి. బండివాడు చాయ్ తాగడానికి పోయినట్టున్నాడు. నేను గోనె అంచు ఎత్తి అరచేయి ఆనించాను. ముందు వేళ్ళు మొద్దుబారాయి, తర్వాత మంట పుట్టింది, ఆ మంట మణికట్టు దాటేవరకు చెయ్యి తీయలేదు. "ఏం పెద్దమ్మా, పెండ్లికి నువ్వే మోసుకపోతవా ఏంది?" అని వెనక నుంచి బండివాడి గొంతు. "లేదు నాయినా, ఒక మనిషి గుర్తుకొచ్చింది" అన్నాను. ఐసు పట్టుకుంటే మనిషి గుర్తుకు రావడమేమిటని అతను నా ముఖంలోకి చూశాడు. అతనికి చెప్పే తీరిక లేకపోయింది. మీకు చెబుతాను.

ఆమె పేరు జంగమ్మ. నేను ఇదే ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అదే ఏడు తెలంగాణ వచ్చింది. నా భర్త అంతకు ముందే పోయారు. మా ఇంట్లో కింది గది ఖాళీగా ఉంటే జంగమ్మ వచ్చి కిరాయికి అడిగింది. ఉండటానికి కాదు, గిన్నెలు పెట్టుకోవడానికి. ఆమె చాలా ఏండ్లుగా తీర్థయాత్రల బస్సులో వంటమనిషి. పొట్టి మనిషి, గట్టి చేతులు, మాట్లాడేటప్పుడు ఒక భుజం ముందుకు వచ్చేది. నాకన్నా ఇరవై ఏండ్లకు పైగా చిన్నది. వయసులో చిన్నవాళ్ళ దగ్గర మనం నేర్చుకోవడమేమిటని అనుకునే మనిషిని నేను. ఆ అభిప్రాయం ఎప్పుడు పోయిందో తారీఖుతో సహా చెప్పగలను గానీ ఇక్కడ అక్కర్లేదు.

"దేశమంత తిరిగిన టీచరమ్మా, గిన్నెలు తప్ప ఏం సూడలే" అనేది జంగమ్మ. బస్సు ఎక్కడ ఆగినా అందరూ దర్శనానికి పోతారు, ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. ఒకసారి ఉత్తరాదిలో బస్సు మంచుకొండల కింద ఆగిందట. గడ్డకట్టిన నది ఒకటి పైన ఉందని, అది కొండ మీదినుంచి నాలుకలాగా కిందికి జారుతుందని చెప్పి, యాత్రికులంతా గుర్రాలెక్కి పోయారు. జంగమ్మ కింద ఏటి ఒడ్డున అన్నం గుండిగ తోముతూ కూర్చుంది. ఆ మంచు కరిగి వచ్చే నీళ్ళే ఆ ఏరు. "చెయ్యి ముంచితె నా చెయ్యి నాది గానట్టయింది. గా నీళ్ళు యాడికెల్లి వస్తున్నయో సూడాలని మస్తు పానం కొట్టుకున్నది. నేను పోతె చారు ఎవరు గాయాలె?" అని నవ్వింది. ఈ సంగతి ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నవ్వింది. నవ్వుతూనే ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళను రుద్దుకునేది.

మరుసటి ఎండాకాలానికి ఆమె ఆ కొలువు మానేసింది. పాత మినీబస్సు ఒకటి, దానికో డ్రైవరు కుదిరాక నా దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళను తీసుకుని అడవులు, జలపాతాలు, కొండలు, గుహలు చూపిస్తుందట. గుడికి మాత్రం కాదు. "గుడి లేని చోటికి మనవాళ్ళు బస్సెక్కుతారా జంగమ్మా?" అని అడిగాను. "ఎక్కుతరు. పొలంకాడికి, మందకాడికి, తల్లిగారింటికి తప్ప యాడికి పోనోళ్ళు ఎంతమంది లేరు! మొక్కు లేకుంట, మైల లేకుంట, ఊకనే సూసొద్దాం రండ్రి అంటె వాళ్ళకే నవ్వొస్తది. నవ్వుకుంటనే ఎక్కుతరు" అంది. మరి నాతో ఏం పని అంటే, "నాకు గడియారం సూసే మనిషి గావాలె. అడవిల చెక్‌పోస్టు చీకటి పడితె మూస్తరు. మీరు బడిల గంట కొట్టించినట్టు కొట్టించాలె" అంది. నాకు అలాంటి పని ఇస్తే కాదనలేనని ఆమె ఎట్లా కనిపెట్టిందో తెలియదు.

మొదటి ప్రయాణం నల్లమలలోని మల్లెల తీర్థానికి. డిండి దాటి, అచ్చంపేట దాటి, మన్ననూరు దగ్గర అడవిలోకి ప్రవేశించాం. బస్సులో జంగమ్మ తల్లి పెంటమ్మ కూడా ఉంది. అప్పటికే ఆమె నడుము వంగిపోయింది. వీళ్ళది గొర్లు మేపే ఇల్లు. ఎండాకాలం మేత దొరకనప్పుడు జంగమ్మ తండ్రి మందను తోలుకుని నల్లమలకు పోయేవాడు, వానలు పడ్డాక తిరిగి వచ్చేవాడు. ఇంట్లో ఆడవాళ్ళు ఉండిపోయేవాళ్ళు. ఆయన తిరిగొచ్చిన రోజు ఇంటి ముందు ఒక పద్ధతి జరిగేది. పోయినవాడు కూర్చోవాలి, ఉన్నవాళ్ళు చుట్టూ కూర్చుని అడగాలి. మందను ఎక్కడ ఆపినవు, నీళ్ళు ఎక్కడ తాపినవు, ఆ వాగు ఎట్లుంది, చెట్టు ఎట్లుంది. అతను చూసింది చూసినట్టు చెప్పాలి. "మంచిగుండె అంటె మా అమ్మ బువ్వ పెట్టకపోయేది" అంది జంగమ్మ. వెనక సీటులోంచి పెంటమ్మ, "మంచిగుండె అంటె నాకేం కండ్ల బడ్తది? పోయినోనికి కాళ్ళున్నయి. ఉన్నోనికి చెవులే ఉన్నయి" అంది. బస్సులో కూడా అదే కట్టుబాటు పెట్టింది జంగమ్మ. మెట్లు దిగలేనివాళ్ళు, కొండ ఎక్కలేనివాళ్ళు కింద ఉంటారు. పోయొచ్చినవాళ్ళు వాళ్ళకు చెప్పాలి. ఫోను తీసి ఫోటో చూపిస్తే చెల్లదు. నోటితో చెప్పాలి. ఎవరైనా మంచిగుంది అని ఊరుకుంటే ఆ పూట గిన్నెలు వాళ్ళే తోమాలి.

మల్లెల తీర్థానికి లోయలోకి చాలా మెట్లు దిగాలి. పెంటమ్మ దిగలేనంది. బస్సు నీడలో తువ్వాల పరుచుకుని కూర్చుంది. నేను దిగి, చూసి, అందరికన్నా ముందు ఎక్కి వచ్చాను. "ఏం సూసొచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది. నేను మెట్ల సంఖ్య చెప్పాను. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయో నా అంచనా చెప్పాను. దిగడానికి పట్టిన సమయం, ఎక్కడానికి పట్టిన సమయం చెప్పాను. "గన్ని మెట్లా! నేను దిగకపోవుడే మంచిదైంది" అని ఆమె నిజంగానే సంతోషించింది. తర్వాత మెల్లగా, "నీళ్ళు సల్లగున్నయా?" అంది. నేను నీళ్ళు ముట్టుకోలేదు. చీర తడుస్తుందని ఎడంగా నిలబడ్డాను. ఆ మాటే చెప్పాను. అప్పుడే పైకి వచ్చిన జంగమ్మ విని పకపకా నవ్వింది. "టీచరమ్మ కొలతలన్ని తెచ్చింది, నీళ్ళు కిందనే ఇడిసిపెట్టొచ్చింది! తోముండ్రి టీచరమ్మా, గిన్నెలు తోముండ్రి." నాకు రోషం వచ్చింది. గడియారం చూసుకున్నాను. టైము ఉంది. మళ్ళీ దిగాను.

ఈసారి చీర సంగతి వదిలేసి నీళ్ళ కింద చేతులు పెట్టాను, ముఖం పెట్టాను. ఎక్కివస్తూ ప్రతి మలుపులో ఆగి మాట వెతుక్కున్నాను. చల్లగా ఉన్నాయంటే ఎంత చల్లగా అంటుంది కదా. పైకి వచ్చి, ఆయాసం తీరాక, "కొత్త కుండలో నీళ్ళు పోసి, రాత్రంతా బయట పెట్టి, తెల్లవారి లేచీ లేవగానే ముఖం మీద చల్లుకున్నట్టు ఉన్నాయి. నీళ్ళతో పాటు కొంచెం నాచువాసన వస్తోంది" అన్నాను. పెంటమ్మ కళ్ళు మూసుకుంది. "గాయన గూడ కొత్త కుండ అనే జెప్పిండు" అంది. జంగమ్మ తండ్రి పోయి అప్పటికి చాలా ఏండ్లయింది. ఆ పూట నాకు గిన్నెలు తప్పాయి. ఆ రోజు చెక్‌పోస్టు మూసే వేళకు ముందే మా బస్సు దాటింది. దానికి నా గడియారమే కారణమని జంగమ్మ అందరి ముందు ఒప్పుకుంది. ఆ విషయం కూడా రాయడం న్యాయం.

ఆ తర్వాత చాలా తిరిగాం. ఎత్తిపోతల దగ్గర నీటితుంపర, సాగరు గేట్లు ఎత్తినప్పుడు కాళ్ళ కింద నేల వణకడం, కర్నూలు వైపు గుహల్లో వేడి. పులుల అడవిలో ఫరహాబాద్ చూడటానికి పోయిన రోజు ఒకావిడ బుట్టలో కోడిపుంజును తెచ్చింది. గుడి లేని యాత్ర అని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. అంత పెద్ద అడవిలో మైసమ్మ లేకుండా ఉంటుందా అని, దారిఖర్చుగా కోడిని వెంట తెచ్చుకుంది. చెక్‌పోస్టు దగ్గర గార్డు బస్సు ఎక్కేసరికి అది కూసింది. "ఏందమ్మా ఇది?" అన్నాడతను. "కోడి గాదు సారూ, మా బస్సు అలారం. టీచరమ్మ గడియారం ఆగితె అక్కరకొస్తదని తెచ్చినం" అంది జంగమ్మ. గార్డు నవ్వాపుకోలేక, లోపలికి మాత్రం వద్దని దాన్ని తన గదిలో కట్టేశాడు. సాయంత్రం దాకా అతని అన్నం తిని, అది మాతో పాటే ఇంటికి వచ్చింది. వ్యూపాయింటు నుంచి కనిపించిన లోయ గురించి గార్డుకు చెప్పాల్సిన పని ఆ కోడిని తెచ్చినావిడకే అప్పగించింది జంగమ్మ. గార్డు రోజూ చూసేదే అయినా కూర్చుని విన్నాడు. ఆ ప్రయాణం దాటేసరికి జంగమ్మ నన్ను మీరు అనడం మాని నువ్వు అనడం మొదలుపెట్టింది. నేను గమనించనట్టు ఉన్నాను. లోపల సంతోషంగానే ఉంది.

మంచునది సంగతి ఆమె మరచిపోలేదు. కరోనా రావడానికి ముందటి ఏడాది ఎండాకాలంలో, ఎనిమిదిమంది ఆడవాళ్ళం రైలెక్కి కాశ్మీరు పోయాం. సోన్‌మార్గ్ నుంచి గుర్రాల మీద పైకి పోతే మంచునది అంచు దాకా పోవచ్చు. అక్కడి గైడుతో, గుర్రాలవాళ్ళతో జంగమ్మ తన వంటబస్సు హిందీలో మాట్లాడి అన్నీ కుదిర్చింది. ముందురాత్రి ఆమె సరిగ్గా పడుకోలేదు. మాది ఒకే గది కాబట్టి నాకు తెలుసు. తెల్లవారి గుర్రాలు వచ్చి నిలబడ్డాక, మా వీధి కిరాణం దుకాణపాయన భార్య సరోజమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. వాంతులయ్యాయి. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు పరీక్ష చేసి, ఎత్తైన చోటికి అలవాటు లేక ఇట్లా అయింది, ప్రమాదం లేదు గానీ పైకి పోవద్దు, వెచ్చగా పడుకోబెట్టి పక్కన ఒకరు ఉండండి అన్నాడు. మరునాడు పొద్దున్నే మా తిరుగు ప్రయాణం. గుర్రాలు ఇప్పుడు పోతే పోయినట్టు.

"నేనుంటాను జంగమ్మా. నువ్వు పో. నాకు ఎట్లాగూ మోకాళ్ళ నొప్పులు" అన్నాను.

"గుర్రమెక్కెతందుకు మోకాళ్ళెందుకు టీచరమ్మా?"

"నేను నవ్వులాటకు అనడం లేదు. నువ్వు దీని కోసం ఎన్నేండ్ల నుంచి చూస్తున్నావో నాకు తెలుసు."

"తెలిస్తె ఊకో. తెచ్చింది నేను. గామె పెనిమిటి బస్టాండుల గామెను నా చేతుల పెట్టిండు, నీ చేతుల గాదు."

రగ్గుల కింద నుంచి సరోజమ్మ, "నన్నెవ్వరు కాయొద్దు. అందరు పోండ్రి. నేనేమన్న దూడనా?" అంది ఏడుపుగొంతుతో.

"దూడవైతె కట్టేసి పోదును. నోరుమూసుకొని పండుకో" అని రగ్గు సర్దింది జంగమ్మ. తర్వాత నన్ను గుర్రం దాకా తీసుకువచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక నా కొంగు గుర్రం కాళ్ళకు తగలకుండా నడుముకు దోపి, "సగం సూసి ఉరికిరాకు టీచరమ్మా. నువ్వు ఉరికొస్తె నాకు సగమే దక్కుతది" అంది. వేళ్ళు రుద్దుకుంటూ అక్కడే నిలబడింది.

పైకి పోయాక మాలో కొందరు నిరాశ పడ్డారు. "గిదేనా? గింత దూరం గీ మురికి కోసం వచ్చినమా?" అందొకామె. తెల్లగా మెరిసే కొండ ఉంటుందనుకుంటే, బూడిదరంగులో, రాళ్ళు పొదిగి, దుమ్ము పట్టిన గడ్డ అది. నేను అలవాటు ప్రకారం గడియారం చూసుకున్నాను. ఇప్పుడే వెనుతిరిగితే, నేను సరోజమ్మ దగ్గర కూర్చుని జంగమ్మను ఒక్కసారి పంపవచ్చునేమో. లెక్క కుదురుతుంది. కానీ పైన మబ్బు కమ్ముతోంది, గుర్రాలవాళ్ళు రెండోసారి ఎక్కుతారన్న హామీ లేదు. అప్పుడు ఆమెకు కొండా దక్కదు, నా మాటా సగమే దక్కుతుంది. నాకు జీవితంలో అంత కష్టమైన లెక్క ఇంకోటి రాలేదు. ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. గుర్రం మనిషి తొందరపెట్టాడు. కదలలేదు. చేతులతో తడిమాను, చెవి ఆనించాను. దొరికిన ప్రతి మాటనూ జంగమ్మ ముందు పెట్టినట్టు ఊహించుకుని, ఇది ఆమెకు కళ్ళబడుతుందా అని సరిచూసుకున్నాను. చాలా మాటలు పారేశాను.

దిగేటప్పుడే వాన మొదలైంది. గుర్రాలవాళ్ళు ఇక ఈ రోజుకు చాలన్నారు. జంగమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసింది. వానను చూసింది. లోపలికి పోయి సరోజమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, తన ఎదురుగా నేల చూపించింది. నేను కూర్చున్నాను.

"చెప్పు."

"ముందు చూడగానే మోసపోయామనుకున్నాం. తెల్లగా లేదు. ఉన్ని కత్తిరించక ముందు, వానాకాలం బురదలో పండుకుని లేచిన గొర్రె వీపు ఉంటుంది చూడు, అట్లా ఉంది. పై పొర మురికి. గోటితో గీస్తే లోపల తెలుపు."

"గీకినవా?"

"గీకాను."

"మల్ల?"

"చెయ్యి ఆనిస్తే ముందు ఏమీ తెలియదు. తర్వాత పొయ్యి మీది పెనం ముట్టుకున్నట్టు చురుక్కుమంటుంది. చల్లదనం అనిపించదు, కాలినట్టే ఉంటుంది."

"గంతే, గంతే. నాకు గా ఏట్ల చెయ్యి ముంచితె గట్లనే అయింది" అని తల ఊపింది. "సప్పుడున్నదా?"

"పైన లేదు. చెవి ఆనిస్తే లోపల ఉంది. తలుపు వేసిన ఇంట్లో, వెనక దొడ్లో ఎవరో ఒక్కతే కూర్చుని గిన్నెలు తోముతున్నట్టు."

జంగమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకోవడం చాలాసేపు సాగింది. మంచం మీద సరోజమ్మ కూడా వింటూనే ఉంది, కళ్ళు మాత్రం మూసుకుంది. "ఇంకున్నదా?" అంది జంగమ్మ. ఉందన్నాను. పొద్దు పోయేవరకు అడిగింది, నేను చెప్పాను. బడిలో నేను ఏ పాఠాన్నీ అంత జాగ్రత్తగా చెప్పి ఉండను.

తిరిగొచ్చిన వారానికి వాళ్ళ పల్లెకు నన్నూ తీసుకుపోయింది. పెంటమ్మ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. జంగమ్మ కాళ్ళు కడుక్కుని ఎదురుగా కూర్చుంది. టీచరమ్మ ఇట్లా చెప్పింది, టీచరమ్మ అట్లా చూసింది అని మొదలుపెట్టింది. గొర్రె వీపు వచ్చింది, పెనం వచ్చింది, గిన్నెల చప్పుడు వచ్చింది. ఎక్కడో మధ్యలో టీచరమ్మ అనే మాట జారిపోయింది. "సందుల సందుల నీలం ఉన్నదమ్మా. బట్టలకు నీలిమందు కలిపిన నీళ్ళు గడ్డకట్టినట్టు" అంది. నేను నీలం గురించి చెప్పలేదు. నాకు ఎక్కడా నీలం కనిపించలేదు. గొంతు సవరించుకున్నాను. ఇంతలో పెంటమ్మ, "గా మంచు కదులుతదంటివి గద. కదిలిందా మరి?" అని అడిగింది.

"కదిలింది" అంది జంగమ్మ, తడుముకోకుండా. "నేను సూస్తుంటెనే కదిలింది. సూడి గొర్రె పండుకున్నకాడ పక్క తిప్పుతది సూడు, కడుపు బరువుకు మెల్లెగ. గట్ల."

మంచునది కదలిక మనిషి కంటికి అందదు. అది నాకు తెలుసు. నోరు తెరిచాను. జంగమ్మ నా వైపు చూసింది. చెప్పొద్దని బతిమాలుతున్న చూపు కాదు. పలక మీద లెక్క పూర్తిచేసి, ఒప్పేనని తనకు తెలిసి, టీచరు వైపు తల ఎత్తే పిల్ల చూపు. నేను నోరు మూసుకున్నాను. పెంటమ్మ మంచం మీద తన పక్కన ఖాళీ చోటును చేత్తో తడిమింది. తర్వాత, "మీ బాపు ఉంటె బాగుండు. గీసారి నేను జెప్తును, ఆయన ఇంటుండె" అంది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు జంగమ్మ పోయింది. దవాఖాన లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఆమె చివరి రోజులు ఎట్లా గడిచాయో చెప్పేవాళ్ళు లేరు, అడగడానికి మేము మాత్రం చాలామందిమి ఉన్నాం. కోపం అనదగింది నాకు ఏదైనా మిగిలి ఉంటే అది దీని మీదే.

సరోజమ్మ దగ్గర ఆ రోజు పైకి పోయినవాళ్ళు తీసిన ఫోటోలు ఉన్నాయి. అడిగితే చూపిస్తుంది. బూడిదరంగు, రాళ్ళు, వానమబ్బు, గుర్రం తోక. నీలం లేదు. నేను వాటిని కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్షగా చూశాను. కానీ కళ్ళు మూసుకుంటే నాకు కనిపించే మంచు అది కాదు. మురికిపట్టిన ఆ పెద్ద వీపు నిండా నీలం సందులు ఉన్నాయి. నేను రాయి మీద కూర్చుని చూస్తుండగానే, లోపలి బరువుకు ఓర్చుకుంటూ, అది మెల్లగా పక్క తిప్పుతుంది. ముప్పై ఏండ్లకు పైగా పిల్లల లెక్కలను ఎర్రసిరాతో దిద్దిన మనిషిని. ఇందులో నేను చూసింది ఎంత, జంగమ్మ చూసింది ఎంత అని విడదీయడానికి ఇంతవరకు కూర్చోలేదు. కూర్చోను కూడా.